శాపం గాదు, తలరాత గాదు: ఊరోళ్ల రక్తంల దొరికిన మతిమరుపు గుట్టు

మా నాయినమ్మ చివరి రోజులల్ల ఒక్కటే మాట పదే పదే అడిగేది. "బిడ్డా, నన్ను ఇంటికి తోల్కపోరాదు." ఆమె కూసున్నది తన ఇంట్లనే. యాభై ఏండ్లు కాపురం జేసిన అరుగు మీదనే. బువ్వ తిని చెయ్యి కడుక్కున్న పావుగంటకు వాకిట్లకొచ్చి "పొద్దటి సంది నాకు ఎవలు బువ్వ పెట్టలే" అని పక్కింటోళ్లకు చెప్పేది. మా అమ్మ తల దించుకునేది. వాడకట్టుల కొందరు "కోడలు తిండి పెడ్తలేదు" అన్నరు. ఇంకొందరు "గాలి సోకింది" అన్నరు. తాయెత్తు కట్టిచ్చినం. కోడిని కోసినం. ఇది జబ్బేమో అని ఒక్కలం అనలే. నేను కూడా అనలే. అప్పటికే నేను మీటింగులల్ల మైకు పట్టుకొని మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు చెప్తున్నోన్ని.

ఆ తప్పు యాదికొచ్చినప్పుడల్లా నాకు ఇంకో దేశపు డాక్టర్ సాబ్ యాదికొస్తడు. ఆయన పేరు ఫ్రాన్సిస్కో లొపేరా. దక్షిణ అమెరికాల ఉన్న కొలంబియా దేశం ఆయనది. 2024 సెప్టెంబర్ల 73 ఏండ్ల వయసుల చనిపోయిండు. మతిమరుపు జబ్బు మీద ఇయ్యాల ప్రపంచానికి తెలిసిన సంగతులల్ల శానా పెద్ద ముక్క ఆయనా, ఆయన నమ్ముకున్న కొండ ఊర్ల రైతులూ కలిసి ఇచ్చిందే. గా కథ మన ఊరి పొల్లగాళ్లు తెల్సుకోవాలె. ఎందుకో చివరికి మీకే అర్థమైతది.

"బొబేరా" అనే ఊరి జబ్బు

నెట్‌ఫ్లిక్స్‌ల "నార్కోస్" చూసినోళ్లకు మెడెలిన్ పట్నం పేరు ఎరుకే ఉంటది. పాబ్లో ఎస్కోబార్ పట్నం. అంతియోకియా రాష్ట్రానికి అది రాజధాని. దానికి ఉత్తరాన ఆండీస్ కొండల మీద యారుమాల్ అని ఒక ఊరుంటది. లొపేరా పెరిగింది అక్కడనే. ఆ చుట్టుపక్కల ఊర్లల్ల కొన్ని కుటుంబాలకు తరతరాలుగా ఒక వింత కష్టం. నలభై దాటంగనే మనిషి మాట మర్చిపోతడు. అడిగిందే అడుగుతడు. తొవ్వ తప్పుతడు. యాభై వచ్చేసరికి ఆలుపిల్లల్ని గుర్తు పట్టడు. అరవై నిండకముందే మంచంలనే కన్ను మూస్తడు.

అక్కడోళ్లు దానికి పెట్టుకున్న పేరు "బొబేరా". అంటే బుద్ధిమాంద్యం, తిక్కతనం అన్నట్టు. ఎందుకొస్తదని అడిగితే తలా ఓ మాట చెప్పేటోళ్లు. ఎప్పుడో మా వంశంల ఒకడు చర్చి పైసలు దొంగిలిస్తే ఫాదర్ శాపం పెట్టిండని కొందరు. ఏదో చెట్టు బెరడు తాకితే వస్తదని ఇంకొందరు. సముద్రాల అవతల ఉన్నా మాట మాత్రం మనదే. ఇక్కడ గాలి, బాణామతి. అక్కడ ఫాదర్ శాపం. తెలివి అందని కాడ మనిషి ఎక్కడైనా ఒకే తీరుగ ఆలోచిస్తడు. అందుకు ఊరోళ్లను ఎక్కిరియ్యొద్దు. వాళ్లకు జవాబు చెప్పేటోడు రాలేదు, అంతే.

1980లల్ల లొపేరా ఇంకా న్యూరాలజీ, అంటే నరాల వైద్యం నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్. యాభై కూడా నిండని ఒకాయనను మతిమరుపని ఆసుపత్రికి పట్టుకొచ్చిండ్రు. ఈ జబ్బు మామూలుగ అరవై ఐదు దాటినంక వస్తది. ఇంత చిన్న వయసుల ఎందుకొచ్చిందని లొపేరా అడిగిండు. వాళ్ల నాయినకూ, తాతకూ, తోబుట్టువులల్ల కొందరికీ ఇట్లనే అయిందని చెప్పిండ్రు. శానా మంది డాక్టర్లు అయితే గోలీలు రాసిచ్చి పంపుతరు. ఈయన వాళ్ల ఊరికి బయలెల్లిండు.

చర్చి రిజిస్టర్లు, నర్సమ్మ కాలినడక

ఆ కాలంల కొలంబియా పల్లెల్లకు పోవుడంటే ప్రాణం అరచేతుల పెట్టుకునుడే. ఓ దిక్కు గెరిల్లాలు, ఓ దిక్కు ప్రైవేటు సైన్యాలు, ఓ దిక్కు మత్తుమందు ముఠాలు. లొపేరాతోని పనిజేసిన లూసియా మాద్రిగల్ అనే నర్సమ్మను ఊర్లల్ల తిరుగుతుంటే గెరిల్లాలు కొన్ని రోజులు పట్టి పెట్టుకున్నరు కూడా. అయినా ఆమె పని ఆపలే. ఇండ్లల్ల కూసొని ముసలోళ్లతోని ముచ్చట పెట్టి, ఎవలికి ఎవలు పుట్టిండ్రో, ఎవలు ఏ వయసుల మతి తప్పిండ్రో రాసుకున్నది. చర్చిలల్ల పుట్టుక, పెండ్లి, చావు లెక్కలు రాసే పాత రిజిస్టర్లు ఉంటయి. వాటిని తిరగేసిండ్రు. మన కాడ కులపురాణం చెప్పేటోళ్లు వంశం ఇప్పి చెప్పినట్టు, వీళ్లు 1700ల దాకా వంశవృక్షం గీసిండ్రు.

ఆ చెట్టు చూస్తే సంగతి తేటతెల్లమైంది. వేరువేరు ఊర్లల్ల, ఒకలికొకలు తెల్వకుండ బతుకుతున్న కుటుంబాలు ఒక్క వంశం కొమ్మలే. లెక్క కడితే దాదాపు 6,000 మంది. దాంట్ల వెయ్యి మందికి పైగ ఈ జబ్బు విత్తనం మోస్తున్నోళ్లు. ఒకే జన్యులోపంతోని వచ్చే అల్జీమర్స్‌ల ప్రపంచంల ఇంత పెద్ద కుటుంబం ఇంకోటి లేదు.

రక్తం నమూనాలు తీసిండ్రు. అమెరికాల ఉన్న కెన్నెత్ కోసిక్ లాంటి శాస్త్రవేత్తలు చెయ్యి కలిపిండ్రు. 1995ల గుట్టు దొరికింది.

ఒక్క అక్షరం తప్పు

జన్యువు అంటే ఏంది? మన ఒంట్ల ప్రతి కణంల ఒక పెద్ద పుస్తకం ఉంటదనుకోండ్రి. ఒంట్ల పనిముట్లు ఎట్ల తయారు చేసుకోవాల్నో దాంట్ల రాసి ఉంటది. ఒక్కో పనిముట్టు గురించి రాసిన పేజీయే ఒక్కో జన్యువు. ప్రతి పేజీ రెండేసి ప్రతులు. ఒకటి అమ్మకాడికెల్లి, ఒకటి నాయినకాడికెల్లి.

ఆ కుటుంబాలల్ల పద్నాలుగో క్రోమోజోమ్ మీద ఉన్న ప్రెసెనిలిన్-1 అనే పేజీల ఒకే ఒక్క అక్షరం తప్పు పడ్డది. ఆ ఊర్ల దిక్కు మనుషులను అక్కడ "పైసా"లు అంటరు. అందుకే దానికి "పైసా మ్యుటేషన్" అని పేరొచ్చింది. మన పైసలతోని దానికి సంబంధం లేదు.

ప్రెసెనిలిన్ ఒక కత్తెర లాంటిది. మెదడుల ఉండే ఒక పొడుగు ప్రోటీన్‌ను సరిగ్గ కత్తిరియ్యాలె. అక్షరం తప్పు పడితే కత్తెర వంకరపోతది. వంకర కత్తెర కోసిన ముక్కలు జిగటగ ఉండి ఒకదానికొకటి అతుక్కుంటయి. వాటిని అమిలాయిడ్ అంటరు. కాలువల పూడిక పేరుకున్నట్టు అవి మెదడు కణాల నడుమ పేరుకుంటయి. తర్వాత కణాల లోపల టావ్ అనే ఇంకో ప్రోటీన్ చిక్కు పడుతది. చిక్కు పడ్డ కణం చచ్చిపోతది. మతి పోతది.

ఇక్కడ ఒకటి పట్టించుకోండ్రి. ఈ కుటుంబాల యువకుల మెదళ్లను స్కానింగ్ చేస్తే, అమిలాయిడ్ పేరుకునుడు సగటున 28 ఏండ్లకే మొదలైతదని తేలింది. మరుపు కనబడేది నలభై నాలుగు దగ్గర. అంటే బయటికి కనబడకముందు పదిహేనేండ్ల సంది లోపల జబ్బు నడుస్తనే ఉంటది. అల్జీమర్స్ ముసలితనంల ఊడిపడే జబ్బు గాదు, ఎప్పుడో మొదలై ముసలితనంల బయటపడే జబ్బు అని ప్రపంచం నమ్మనీకి ఈ ఊరోళ్లే పెద్ద సాక్ష్యం.

ఇంకో సంగతి. తల్లికో తండ్రికో ఈ తప్పు ఉంటే, ప్రతి బిడ్డకు వచ్చే అవకాశం సగం సగం. రూపాయి బిళ్ల ఎగరేస్తే బొమ్మో బొరుసో పడ్డట్టు. ఇది ఎవల పాపమూ గాదు. వందల ఏండ్ల కింద స్పెయిన్ పాలన కాలంల యూరప్‌కెల్లి వచ్చిన ఒక్క మనిషితోని ఈ తప్పు ఆ కొండలకు చేరిందని జన్యు పరీక్షలు చెప్తున్నయి. ఫాదర్ శాపమని తరతరాలు తల వంచుకున్న కుటుంబాలకు ఆ ముక్క తెలిసినంక ఎంత బరువు దిగిందో ఆలోచించండ్రి. మందు దొరకలే. కానీ సిగ్గు పోయింది.

తప్పించుకున్న పెద్దమ్మ

జన్యువుల రాసి ఉంటే ఇగ అది తలరాతనేనా? లొపేరా కథల నాకు బాగ నచ్చిన ముక్క ఇక్కడనే ఉన్నది.

అదే వంశంల ఒక పెద్దమ్మ. ఆమెకు పైసా తప్పు ఉన్నది. లెక్క ప్రకారం నలభై ఐదు దగ్గర మతి తప్పాలె. తప్పలే. డెబ్బై దాటినంక గాని చిన్న మరుపు మొదలుగాలే. స్కాన్ తీస్తే మెదడు నిండ అమిలాయిడ్ ఉన్నది, అందరికన్న ఎక్కువనే. కానీ టావ్ చిక్కు మాత్రం శానా తక్కువ. ఏందీ కథ అని వెతికితే, ఏపీఓఈ అనే ఇంకో జన్యువుల ఆమెకు ఒక అరుదైన మార్పు దొరికింది. తల్లికాడికెల్లి ఒకటి, తండ్రికాడికెల్లి ఒకటి, రెండు ప్రతులల్ల కూడా. దాని పేరు "క్రైస్ట్‌చర్చ్" మార్పు. న్యూజిలాండ్ దేశంల ఆ ఊరి కాడ మొదలు దొరికింది గనుక ఆ పేరు.

అంటే ఒక జన్యువు కొడుతుంటే ఇంకో జన్యువు అడ్డం నిలబడ్డది. 2019ల ఈ సంగతి బయటికొస్తే ప్రపంచం నివ్వెరపోయింది. ఆమె 2020ల వేరే జబ్బుతోని చనిపోతే, కుటుంబం ఆమె మెదడును పరిశోధనకు ఇచ్చింది. తర్వాత 2023ల ఇంకో మనిషికి రీలిన్ అనే జన్యువుల మార్పు అండగ నిలబడ్డదని తేలింది. 2024ల క్రైస్ట్‌చర్చ్ మార్పు ఒక్క ప్రతి మాత్రమే ఉన్న 27 మంది చుట్టాలను చూస్తే, వాళ్లకు కూడా మరుపు ఐదేండ్లు ఆలస్యంగ వచ్చిందని తేలింది. ఇయ్యాల ఆ మార్పు చేసే పనిని మందుతోని చేయిస్తందుకు ప్రయోగశాలలల్ల పని నడుస్తున్నది. రేపు అట్లాంటి మందు వస్తే, దాని మూలం ఓ కొండ ఊరి పెద్దమ్మ ఒంట్లనే ఉన్నట్టు.

ఇచ్చినోళ్లకు ఏం దక్కింది?

ఇగ చేదు ముచ్చట. 2013ల ఈ కుటుంబాల మీద ఒక పెద్ద మందు ప్రయోగం మొదలైంది. మందు పేరు క్రెనెజుమాబ్. జబ్బు రాకముందే ఇస్తే ఆగుతదా అని చూసుడు. 252 మంది ఊరోళ్లు చేరిండ్రు. దాంట్ల 169 మందికి తప్పు ఉన్నది, 83 మందికి లేదు. లేనోళ్లకు సూదులెందుకు అంటరా? తప్పు ఉన్నోళ్లనే పిలిస్తే, పిలుపు రాంగనే మనిషికి తన భవిష్యత్తు తెలిసిపోతది. "నీకు జబ్బు ఖాయం" అని పరాయోడు చెప్పినట్టైతది. అట్ల కావొద్దని లేనోళ్లను కూడా చేర్చుకొని మందు లేని సూదులిచ్చిండ్రు. ఎవలికి ఏమున్నదో వాళ్లకే తెల్వదు. తెల్సుకోవాల్నా వద్దా అనే హక్కు మనిషిది, కంపెనీది గాదు. ఈ మర్యాద నాకు మస్తు నచ్చింది.

ఐదు నుంచి ఎనిమిదేండ్లు సూదులు ఎక్కించుకున్నరు. 2022 జూన్‌ల ఫలితం వచ్చింది. మందు గట్టిగ పనిచేసినట్టు తేలలే. ఆ రోజు ఆ ఇండ్లల్ల ఎట్లుండెనో ఊహించుకోండ్రి.

నా ప్రశ్న మందు ఫెయిలైందని గాదు. సైన్సుల ఓడిపోవుడు కూడా పాఠమే. నా ప్రశ్న వేరే. ఈ ఊరోళ్లు నలభై ఏండ్లు రక్తం ఇచ్చిండ్రు, స్కానింగ్ మిషన్లల్ల పండిండ్రు, ఇంట్ల మనిషి పోయి ఏడుస్తున్న గంటలల్ల మెదడు దానం చేసిండ్రు. మెడెలిన్‌ల ఉన్న అంతియోకియా విశ్వవిద్యాలయం మెదడు బ్యాంకుల వందల మెదళ్లు ఉన్నయి. దీంతోని పుట్టిన తెలివి రేపు మందైతే, దాని ధర ఎవలకు అందుతది? అమిలాయిడ్‌ను కడిగే లెకనెమాబ్ అనే వేరే మందు 2023ల అమెరికాల వచ్చింది. వచ్చినప్పుడు దాని ధర ఏడాదికి 26,500 డాలర్లు. మన లెక్కల 20 లక్షల పైన. అది కూడా జబ్బును నయం చెయ్యదు, కొంచెం నెమ్మది చేస్తది. కొండ మీద బంగాళదుంప పండిచ్చే రైతు ఆ పైసలు ఏడికెల్లి తెస్తడు? ఒంటిని పరిశోధనకు ఇచ్చినోళ్లకు మందు ముందుగాల, అగ్గువకు అందాలె. ఇది దయ గాదు, బాకీ.

మనకు కూడా వస్తదా?

మీరు అడిగేది నాకు ఎరుకే: "అన్నా, మా తాతకు మతిమరుపు ఉండె, నాకు వస్తదా?" నిమ్మళంగ ఇనండ్రి. పైసా తప్పు లాంటి ఖాయంగ వచ్చే జన్యులోపం అల్జీమర్స్ ఉన్నోళ్లల్ల నూటికి ఒక్కరికన్న తక్కువ. మామూలుగ వచ్చే దాంట్ల ఏపీఓఈ-4 అనే రకం జన్యువు ముప్పును పెంచుతది గాని ఖాయం చెయ్యదు. అది ఉండి కూడా తొంభై ఏండ్లు తెలివితోని బతికినోళ్లు ఉన్నరు. అందుకే ఆన్‌లైన్ల దొరికే జన్యు పరీక్షలకు వేలకు వేలు పోసి బెదురుకోకుండ్రి. ఇంట్ల నలుగురికి చిన్న వయసులనే వచ్చిందంటే మాత్రం న్యూరాలజీ డాక్టర్‌ను అడగాలె.

జన్యువు చేతుల లేదు. చేతుల ఉన్నయి మస్తుగున్నయి. 2024ల లాన్సెట్ కమిషన్ పద్నాలుగు కారణాలు చెప్పింది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ తాగుడు, ఎక్కువ తాగుడు, ఊబకాయం, ఒళ్లు కదలకపోవుడు, తలకు దెబ్బలు, చెవుడు, చూపు మందగించుడు, మనాది, ఒంటరితనం, గాలి కాలుష్యం, చదువు లేకపోవుడు. వీటన్నిటినీ సరిజేస్తే దాదాపు 45 శాతం మతిమరుపు కేసులను ఆపొచ్చు, లేకుంటే ఆలస్యం చెయ్యొచ్చని లెక్క. ఆ జాబితా మళ్లొకసారి చదువుండ్రి. హెల్మెట్ లేని బండి, ఊరూరా బెల్టు షాపు, బీపీ గోలీలు మధ్యలనే బంద్ వెట్టుడు, కంటిల పొర ఉన్నా ఆపరేషన్‌కు పోకపోవుడు. అన్నీ మన ముంగటనే ఉన్నయి. దీంట్ల సగం సర్కారు బాధ్యత, సగం మనది.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిల డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన పని కూడా చెప్పాలె. 648 మంది మతిమరుపు రోగులను చూసి 2013ల లెక్క తేల్చిండ్రు. ఒక్క భాష మాట్లాడేటోళ్లకన్న రెండు, అంతకెక్కువ భాషలు మాట్లాడేటోళ్లకు జబ్బు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగ బయటపడ్డది. బడి మొఖం చూడనోళ్లల్ల కూడా ఆ తేడా కనబడ్డది. అంటే ఇది డిగ్రీల మహిమ గాదు. దీని మీద శాస్త్రవేత్తల నడుమ ఇంకా వాదులాట ఉన్నది, అది ఉండాల్సిందే. కానీ తెలుగు, ఉర్దూ, లంబాడీ కలగలిపి సంతల బేరమాడే అవ్వను "చదువురాని ముసల్ది" అని తీసిపారేసేటోళ్లు ఆ లెక్కను ఒక్కసారి చూడాలె.

ఇయ్యాల చెయ్యగలిగేది

మన దేశంల అరవై దాటినోళ్లల్ల 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి మతిమరుపు జబ్బు ఉన్నదని 2023ల వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. పట్నంకన్న పల్లెలల్ల ఎక్కువ. మగోళ్లకన్న ఆడోళ్లల్ల ఎక్కువ. కానీ పల్లెలల్ల దాన్ని జబ్బని లెక్క వెట్టేది ఎవరు? "చాదస్తం" అంటం, "పిస్స లేసింది" అంటం.

మోటర్ బంద్ చేసుడు మర్చిపోతే అది మామూలు మరుపు. నలభై ఏండ్లు నడిచిన పొలం తొవ్వ తప్పిపోతే అది జబ్బు గుర్తు. అట్ల కనబడితే గుడి, దర్గా తర్వాత, ముందుగాల దవాఖాన. ఎందుకంటే మరుపుకు కారణం థైరాయిడ్ కావొచ్చు, బీ12 విటమిన్ తక్కువుండుడు కావొచ్చు, మనాది కావొచ్చు, ఎప్పుడో జారిపడితే తలల రక్తం గడ్డకట్టుడు కావొచ్చు. ఇవి వైద్యంతోని బాగైతయి. బాగయ్యే జబ్బును గాలి అనుకొని వదిలేస్తే ఆ పాపం ఎవలది? పెద్దోళ్ల సమస్యలకు 14567 అనే సర్కారు నంబర్ ఉన్నది, ఉచితం. ఫోన్‌ల ఎక్కించుకోండ్రి.

ఇగ సర్కారును అడగాల్సింది. లొపేరా పనికి పునాది పెద్ద మిషన్లు గాదు, ఇంటింటికి తిరిగిన ఒక నర్సమ్మ. మన ఆశా అక్కలు ఇంటింటికి తిరుగుతనే ఉన్నరు, ఏ ఇంట్ల ఎవరున్నరో వాళ్లకు కంఠతా వచ్చు. మరుపు జబ్బును గుర్తుపట్టే శిక్షణ వాళ్లకియ్యాలె, దానికి తగ్గ జీతం ఇయ్యాలె. ప్రతి జిల్లా ఆసుపత్రిల వారానికి ఒక్కరోజైనా మతిమరుపు ఓపీ పెట్టాలె. రాత్రింబగళ్లు ముసలోళ్లను చూసుకునే కోడళ్లకూ, బిడ్డలకూ ఊపిరాడే ఏర్పాటు చెయ్యాలె. మా అమ్మను వాడకట్టంతా నిందిస్తుంటే మేమెవ్వరం ఆమె పక్కన నిలబడలే. ఆ రెండేండ్లు ఆమె ఒక్క రాత్రి కడుపునిండ నిద్రపోలే.

"ఇంటికి పోవాలె" అని మా నాయినమ్మ అడిగినప్పుడల్లా నేను "ఇదే మనిల్లు గదనే" అని గట్టిగ మాట్లాడేది. ఆమె బెదిరి ఏడ్చేది. వాదం పెట్టొద్దని, చెయ్యి పట్టుకొని "పా పోదాం" అని వాకిట్ల రెండడుగులు నడిపిచ్చి, మెల్లగ మళ్ల లోపలికి తోల్కరావాలని నాకు శానా ఏండ్ల తర్వాత తెలిసింది. అప్పటికి ఆమె లేదు. మీ ఇంట్ల అట్ల అడిగే అవ్వో, తాతో ఉంటే, ఈ మాపటికి మీరు లేసి ఆ చెయ్యి పట్టుకోండ్రి. రేపు పొద్దుగాల దవాఖానకు తోల్కపోండ్రి.